ఇంటిపేరు ఎందరికి ఉంది? లెక్క ఎలా తీయాలి, ఎక్కడ తప్పుతుంది?

తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఏదని ఇంటర్నెట్‌లో వెతికితే రెడ్డి, రావు, రాజు, నాయుడు అంటూ జాబితాలు వస్తాయి. వీటిలో ఏదీ మామూలు అర్థంలో ఇంటిపేరు కాదు. పేరు చివర వచ్చే కులసూచకాలో గౌరవ వాచకాలో ఇవి. అసలు ఇంటిపేరు ముందు ఉంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. పాశ్చాత్య పద్ధతిలో తయారైన పట్టికలకు మాత్రం పేరులోని చివరి మాటే ఇంటిపేరు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో నలుగురు ప్రసిద్ధుల పేర్లే చెబుతాయి. యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టిన భాస్వర పరీక్ష ప్రపంచమంతటా ‘ఫిస్క్-సుబ్బారో’ పద్ధతి. అక్కడ ఇంటిపేరు స్థానంలో కూర్చున్నది ఆయన సొంత పేరు. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు పేరిట ఉన్న సూత్రం ‘క్రామెర్-రావు’. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న డబ్బాల రాజగోపాల రెడ్డి ప్రపంచానికి రాజ్ రెడ్డి. సత్య నాదెళ్ల విషయంలో మాత్రం అసలు ఇంటిపేరే చివరికి జరిగింది. నలుగురూ తెలుగు కుటుంబాలవాళ్లే. అమెరికా పట్టికలో ఒకరు ఇంటిపేరుతో, ఒకరు సొంత పేరుతో, ఇద్దరు పేరు చివరి తోకతో లెక్కకు వస్తారు. యల్లాప్రగడ, కల్యంపూడి, డబ్బాల ఆ లెక్కలో లేనే లేవు.

కాబట్టి ‘ఈ ఇంటిపేరు ఎంత ఎక్కువ’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏ జనాభాలో వెతుకుతున్నాం? ఏ రాతను ఒకే పేరుగా తీసుకుంటున్నాం? పుట్టుకతో వచ్చిన పేరునా, పెళ్లితో వచ్చినదాన్నీ కలిపా? ఇవి తేలకుండా చెప్పిన ఏ అంకెనూ పదేళ్ల తర్వాతి అంకెతో పోల్చలేం.

మంది వేరు, వాటా వేరు

అమెరికా జనగణన సంస్థ కనీసం 100 మందికి ఉన్న ఇంటిపేర్లన్నిటినీ ప్రకటించింది. 2000లో స్మిత్‌లు 23,76,206 మంది. 2010లో 24,42,977 మంది. పదేళ్లలో 66 వేలకు పైగా పెరిగారు. కానీ లక్ష జనాభాకు చూస్తే 881 నుంచి 828కి తగ్గారు, ఎందుకంటే దేశ జనాభా అంతకంటే వేగంగా పెరిగింది. అదే కాలంలో పటేల్‌లు 1,45,066 నుంచి 2,29,973కి చేరారు. పటేల్ కుటుంబాల్లో పిల్లలు అంతమంది ఎక్కువగా పుట్టారని దీని అర్థం కాదు. పెరుగుదలలో పెద్ద భాగం వలసది. పేరు ‘పెరిగింది’ అన్నప్పుడు తల లెక్కా, లక్షకు వాటానా అన్నది చెప్పి తీరాలి. నిజానికి రెండూ పక్కపక్కనే ఇవ్వడం మంచిది.

మన దగ్గర వాటా లెక్కకు ఇంకో చిక్కు ఉంది. హారం మారిపోతుంది. 2014 జూన్ 2కి ముందు ‘ఆంధ్రప్రదేశ్‌లో లక్షకు ఇంతమంది’ అంటే 2011 జనగణన ప్రకారం 8 కోట్ల 46 లక్షల మందిలో అని. ఆ తర్వాత అదే పేరున్న రాష్ట్రం జనాభా 5 కోట్ల లోపు. ఖమ్మం వైపు గుంపుగా ఉన్న ఒక ఇంటిపేరు 2014లో ఆంధ్రప్రదేశ్ లెక్కలో ఒక్క రోజులో పడిపోతుంది, ఒక్క మనిషీ కదలకుండానే. జిల్లాలూ అంతే. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. కాలం వెంట పోల్చాలంటే గ్రామం స్థాయిలో లెక్క తీసుకుని, ఇవాళ్టి ఎల్లల ప్రకారమో పాత ఎల్లల ప్రకారమో మళ్లీ కూడుకోవాలి. జిల్లా పేరు ఒకటే కదా అని పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కన పెట్టడం పొరపాటు.

ఓటరు జాబితాతో లెక్క

భారత జనగణన మనుషుల పేర్లు రాసుకుంటుంది గానీ ఇంటిపేర్ల పట్టికలు వేయదు. అందుబాటులో ఉన్నవాటిలో పనికొచ్చేది ఓటరు జాబితా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది తెలుగు లిపిలో దొరుకుతుంది. ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం అందులో ఉంటాయి. నియోజకవర్గం మొత్తాన్నీ పోలింగ్ కేంద్రాల వారీగా భాగాలు చేసి ఉంచుతారు. పీడీఎఫ్‌లు ఎక్కువగా బొమ్మల రూపంలో ఉంటాయి కాబట్టి అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో చదివించి, కనీసం నూటికి ఐదు పేర్లు కంటితో సరిచూడాలి. తెలుగులో అది ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గరే. ‘ద్ద’ను ‘ద్ధ’గా, ‘ళ్ల’ను ‘ళ్ళ’గా చదివి ఒక పేరును రెండు పేర్లు చేస్తుంది.

ఏ ఊళ్లో మొదలుపెట్టాలన్నది అసలైన నిర్ణయం. ఇంటిపేర్లు నేలంతా సమానంగా చల్లినట్టు ఉండవు, గుంపులుగా ఉంటాయి. ఒక ఊళ్లో మూడో వంతు ఇళ్లవారిది ఒకే పేరు కావచ్చు, పొరుగూళ్లో ఆ పేరువాళ్లు ఒక్కరూ లేకపోవచ్చు. సొంతూరు జాబితా చూసి జిల్లా అంతా అలాగే ఉంటుందనుకుంటే లెక్క ఎంత తప్పుతుందో చెప్పలేం. నియోజకవర్గంలోని భాగాల నంబర్లలోంచి చీటీలు తీసినట్టు ఓ 30 ఎంచుకోవాలి. ఒక్కో భాగంలో వెయ్యి మంది చొప్పున 30 వేల మంది, అందులో సుమారు 15 వేల మంది మగవాళ్లు వస్తారు. లెక్క అక్కడినుంచి నడుస్తుంది.

మగవాళ్లనే లెక్కించడం అన్యాయంగా తోచవచ్చు. పద్ధతి కోసం అది తప్పదు. మన ఆనవాయితీలో పెళ్లయిన స్త్రీ పేరు ముందు అత్తింటి పేరు చేరుతుంది. ఆమెనూ కలిపితే పుట్టుకతో వచ్చిన పేర్లూ పెళ్లితో వచ్చిన పేర్లూ కలగలిసిపోతాయి. పైగా ఈ అలవాటే మారుతోంది. చదువు సర్టిఫికెట్లు, ఉద్యోగం, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు అన్నీ పుట్టింటి పేరుతోనే ఉండటంతో చాలామంది స్త్రీలు పేరు మార్చుకోవడం లేదు. ఇద్దరినీ కలిపి లెక్కిస్తే ఈ సామాజిక మార్పు కాస్తా ఒక ఇంటిపేరు పెరిగినట్టో తగ్గినట్టో కనబడుతుంది. స్త్రీల లెక్క విడిగా తీయండి. జాబితాలో తండ్రి పేరు ఉన్నవారూ భర్త పేరు ఉన్నవారూ వేర్వేరుగా తెలుస్తారు కాబట్టి అది తనకు తానే ఒక మంచి అధ్యయనం అవుతుంది.

తర్వాత రాత సంగతి. ఎర్ర/యర్ర/యెర్ర, ఉప్పల/వుప్పల, శ/ష/స, ణ/న, ళ/ల, పాత జాబితాల్లో ఱ/ర ఇలా ఒకే పేరు నాలుగైదు రాతల్లో ఉంటుంది. వీటిని కలిపేందుకు ముందే ఒక నియమాల పట్టిక రాసి పెట్టుకోవాలి, అన్ని సంవత్సరాల జాబితాలకూ అదే వర్తింపజేయాలి. ఒక ఏడాది కలిపి, ఇంకో ఏడాది కలపకపోతే వచ్చే ‘మార్పు’ మీరు చేసిందే అవుతుంది. రోమన్ లిపిలో ఉన్న డేటాతో ఇబ్బంది తలకిందులుగా వస్తుంది. అక్కడ గడ్డ, గద్ద ఒకటైపోతాయి. బండి, బంది ఒకటైపోతాయి. దీర్ఘాలు మాయమవుతాయి. తెలుగు రాత ఒక పేరును చీలుస్తుంది, రోమన్ రాత రెండు పేర్లను అతికిస్తుంది. అందుకే తెలుగు జాబితానూ రోమన్ జాబితానూ నేరుగా పోల్చకూడదు.

‘కె. రామారావు’ వంటి పొడి అక్షరాల పేర్లు ఇంకో తలనొప్పి. ‘కె’ వెనక కందుకూరి ఉండవచ్చు, కొల్లి ఉండవచ్చు, కోట ఉండవచ్చు. వీటిని ఊహించి పంచకండి. ఎన్ని ఉన్నాయో విడిగా చూపించి, పూర్తి పేరు తెలిసినవాళ్లను మాత్రమే హారంగా తీసుకోండి. పట్టణాల్లో పొడి అక్షరాల పేర్లు ఎక్కువగా తగులుతాయి కాబట్టి, పట్టణంలో ఎక్కువగా ఉన్న ఇంటిపేర్లు ఈ పద్ధతిలో కొంత తక్కువగా కనబడతాయని గుర్తుంచుకోవాలి.

అంకె చేతికొచ్చాక దానిని ఎంతవరకు నమ్మాలో చూడాలి. ఎంతమంది దొరికారో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే అటూఇటూ తేడా సుమారుగా తెలుస్తుంది. 100 మంది దొరికితే తేడా 20, అంటే 80 నుంచి 120. 9 మందే దొరికితే తేడా 6. అసలు ఒక్కరూ దొరకకపోతే ఆ పేరు లేదని కాదు. 15 వేల మందిలో సున్నా వస్తే, అసలు వాటా లక్షకు 20 వరకు ఉండే వీలుంది (3ను 15 వేలతో భాగిస్తే వచ్చేది అదే). పేర్లు గుంపులుగా ఉంటాయి కాబట్టి నిజమైన తేడా ఈ సూత్రం చెప్పేదానికంటే ఎక్కువే ఉంటుంది, తక్కువ ఉండదు.

ఒకే జాబితాతో వెనక్కి చూసే దారి కూడా ఉంది, అది వయసు. 60 దాటినవాళ్లు 2,000 మంది ఉండగా ఒక పేరున్నవాళ్లు 30 మంది అనుకుందాం, వెయ్యికి 15. 20 నుంచి 39 ఏళ్ల వాళ్లు 6,000 మందిలో 60 మంది, వెయ్యికి 10. మూడో వంతు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ తేడా 5 అయితే, ఆ తేడాలో ఉండే సహజమైన ఊగిసలాట రెండు వైపులా 6 వరకు ఉంటుంది. అంటే తగ్గిందని గట్టిగా చెప్పలేం. చెప్పగలిగినంత డేటా ఉన్నప్పుడు కూడా యువకులు హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లి ఓటు మార్చుకున్నారేమో చూడాలి. ఆ ఊళ్లో పేరు తగ్గడం వేరు, పేరే తగ్గడం వేరు.

ఈ పని చేసేవాళ్లు ఓటర్ల పేర్లు, ఇంటి నంబర్లు బయట పెట్టకూడదు. ప్రకటించాల్సింది మొత్తాలు మాత్రమే. ఐదుగురి కంటే తక్కువమంది ఉన్న ఇంటిపేరును గ్రామం పేరుతో సహా ప్రకటిస్తే అది ఒక కుటుంబాన్ని వేలెత్తి చూపడమే.

పేరు ఎలా పోతుంది

బ్రిటన్‌లో పెద్దింటి పేర్లు తరాలు గడిచేకొద్దీ కనుమరుగవుతున్నాయని, ఆ వంశాల్లో ఏదో లోపం ఉందని 19వ శతాబ్దంలో ఒక నమ్మకం ఉండేది. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 1873లో దీన్ని గణిత సమస్యగా మార్చి అడిగాడు: లోపమేమీ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఎన్ని పేర్లు పోతాయి? గణితజ్ఞుడు హెన్రీ విలియం వాట్సన్ జవాబు ఇచ్చాడు, ఇద్దరూ కలిసి 1874లో ప్రచురించారు. జనాభా పెరుగుతున్నా చివరికి అన్ని పేర్లూ పోతాయన్న వాట్సన్ ముగింపు తప్పు, దాన్ని తర్వాతివాళ్లు సరిదిద్దారు. పద్ధతి మాత్రం నిలిచింది. ఆల్‌ఫ్రెడ్ లోట్కా అనే గణాంకవేత్త 1931లో అమెరికా లెక్కలతో దాన్ని వాడి చూపించాడు. జనాభా పెరుగుతున్న ఆ దేశంలో కూడా ఒక మగ మనిషి పేరు ఎప్పటికైనా అంతరించే సంభావ్యత సుమారు 0.82 అని తేలింది.

లెక్క చాలా సులువు. ప్రతి మగవాడికీ పెద్దయ్యే వయసుకు చేరే కొడుకులు సగటున ఒక్కరు అనుకుందాం. ఒకరికి ఇద్దరు, ఒకరికి ముగ్గురు, ఒకరికి ఎవరూ లేకపోవడం యాదృచ్ఛికంగా జరుగుతుంది. అప్పుడు మొదటి తరంలోనే 37 శాతం మంది పేర్లు ఆగిపోతాయి. రెండో తరానికి 53, మూడో తరానికి 63, ఐదో తరానికి 73, పదో తరానికి 84 శాతం. మొత్తం జనాభా మాత్రం మారలేదు. పోయిన 84 మంది చోటును మిగిలిన 16 మంది సంతానం నింపుతుంది, ఒక్కొక్కరికి సగటున ఆరుగురికి పైగా. కొన్ని పేర్లు ‘పెద్ద వంశాలు’గా ఎదగడానికి గొప్పతనం అక్కర్లేదు. ఏదో ఒక పేరు అలా ఎదగడం ఈ లెక్కలోనే ఉంది.

ఇదంతా ఒక్క మనిషితో మొదలైన పేరు సంగతి. ఒక ఇంటిపేరు ఇప్పటికే పదిమంది మగవాళ్లకు ఉంటే, పది తరాల తర్వాత అది పూర్తిగా పోయే సంభావ్యత 18 శాతమే. వందమందికి ఉంటే దాదాపు శూన్యం. అరుదైన పేర్లే పోతాయి, పెద్ద పేర్లు పోవు.

ఇప్పుడు మన సంగతి. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. పిల్లల్లో సగానికి కొంచెం ఎక్కువమంది మగపిల్లలు, చిన్నతనంలో పోయేవాళ్లను తీసేస్తే తండ్రికి కొడుకుల సగటు అప్పట్లో సుమారు 1.25, 1.7 సంతానం దగ్గర సుమారు 0.83. పదిమంది మగవాళ్లున్న ఇంటిపేరు ఐదు తరాల్లో పోయే సంభావ్యత పాత సగటుతో నాలుగువందల్లో ఒక వంతు. సగటు సరిగ్గా 1 అయితే 4 శాతం. ఇవాళ్టి 0.83 కొనసాగితే 19 శాతం. అరుదైన తెలుగు ఇంటిపేర్లకు ఇది నిజమైన ముప్పు, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. కొడుకుల సంఖ్యలో హెచ్చుతగ్గులు తగ్గేకొద్దీ పేర్లు పోవడమూ నెమ్మదిస్తుంది. అందరికీ కచ్చితంగా ఇద్దరు పిల్లలే, అందులో మగా ఆడా సమాన అవకాశం అనుకుంటే సగటు 1 కొడుకే. కానీ ఐదు తరాల్లో ఒకరి పేరు పోయే అవకాశం 73 నుంచి 60 శాతానికి దిగుతుంది. మన ప్రాంతంలో ఇద్దరు పిల్లల అలవాటు బాగా స్థిరపడింది కాబట్టి పై అంకెలను గరిష్ఠ అంచనాలుగా చూడటం సబబు.

పేరు పోవడమంటే కుటుంబం పోవడం కాదన్నది ఇక్కడ గట్టిగా చెప్పాలి. కూతుళ్ల సంతానం ఈ లెక్కలో కనబడదు, అంతే. ముగ్గురు కూతుళ్లున్న ఇంట ‘వంశం ఆగిపోయింది’ అనే మాట గణితం ప్రకారం కూడా తప్పు. ఆగింది పేరు ఒక్కటే, అదీ పేరు తండ్రి నుంచే రావాలని మనం పెట్టుకున్న నియమం వల్ల. ఆ నియమాన్ని మనవాళ్లు ఎప్పటినుంచో సడలిస్తూనే వచ్చారు. దత్తతకు వెళ్లినవాడు ఇంటిపేరు మార్చుకుంటాడు. కూతురి కొడుకును తాత దత్తత తీసుకుని తన పేరు నిలుపుకోవడమూ ఉంది. పూర్వీకుల జాడ వెతికేటప్పుడు ఒక తరంలో ఇంటిపేరు హఠాత్తుగా మారితే ముందుగా చూడాల్సింది దత్తత పత్రమే.

ఒకే పేరు, ఎన్నో మొదళ్లు

టంగుటూరి, కందుకూరి, నందమూరి, బమ్మెర లాంటి ఊరి పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు మన దగ్గర అసంఖ్యాకం. ఊరి పేరు మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చేది అతను ఆ ఊరు విడిచాకే. టంగుటూరులో అందరూ టంగుటూరివాళ్లే కదా. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కులాలవాళ్లు అదే ఊరు విడిచి వేర్వేరు చోట్ల స్థిరపడితే అందరికీ అదే ఇంటిపేరు వస్తుంది. కాబట్టి ఒక ఇంటిపేరు ఎక్కువమందికి ఉండటానికి కారణం ఒక మూలపురుషుడి సంతానం పెరగడమే కానక్కర్లేదు, ఎక్కువమంది మూలపురుషులు ఉండటం కూడా కావచ్చు. ఇంటిపేరు కలిస్తే బంధువులనుకోవడానికి లేదు. గోత్రం, పాత ఊరు, కొలిచే ఇలవేల్పు కూడా కలవాలి.

ఇతర దేశాల తేడా కూడా ఇక్కడే ఉంది. దక్షిణ కొరియాలో 2015 జనగణన నాటికి కిమ్‌లే 21 శాతానికి పైగా. అక్కడ ఇంటిపేర్లు పాతవి, పైగా సామాన్యులు కాలక్రమంలో పెద్ద వంశాల పేర్లే స్వీకరించారు. జపాన్‌లో 1875లో అందరికీ ఇంటిపేరు తప్పనిసరి చేసినప్పుడు జనం కొత్త పేర్లు ఎన్నుకున్నారు, ఇవాళ అక్కడ లక్షకు పైగా ఇంటిపేర్లు. వ్యవస్థ ఎంత పాతదైతే పేర్లు అంత తగ్గుతాయన్నది పైన చూసిన లెక్క నుంచి వచ్చేదే. కొత్త పేర్లు చేరుతున్నాయా, జనం పెద్ద పేర్ల వైపు వెళ్తున్నారా అన్నవి దాన్ని ఆపుతాయి లేదా వేగవంతం చేస్తాయి.

ఇంటిపేర్ల లెక్కను దగ్గరి సంబంధాల అంచనాకూ వాడతారు. చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్ 1875లో, పెళ్లికి ముందే వధూవరులది ఒకే ఇంటిపేరయిన జంటలను లెక్కించి ఇంగ్లండ్‌లో దగ్గరి పెళ్లిళ్ల వాటా కట్టాడు. 1965లో జన్యుశాస్త్రవేత్తలు క్రో, మాంజ్ దీన్ని సూత్రం చేశారు: అలాంటి జంటల వాటాలో నాలుగో వంతు సంతానంలో రక్తసంబంధ గుణకం (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరే అవకాశం). తెలుగునాట ఈ సూత్రం పని చేయదు. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉంటే మనం అన్నాచెల్లెళ్లుగా లెక్కేసి పెళ్లి చేయం. మన దగ్గరి పెళ్లిళ్లు మేనరికాలు, మేనమామ-మేనకోడలు సంబంధాలు, వాటిలో ఇంటిపేర్లు ఎప్పుడూ వేరే. సూత్రం సున్నా చూపిస్తున్న చోటే నిజంలో రక్తసంబంధం ఎక్కువ. బయటి పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి వాడితే ఫలితం ఎంత తలకిందులవుతుందో దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

కాగితం మీద పోయే పేర్లు

పిల్లలు లేక పోయే పేర్ల కంటే ఈ కాలంలో ఎక్కువ చప్పుడు లేకుండా పోతున్నవి ఫారాల మీద. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పేరంతా ఒకే గడిలో రాస్తే, అమెరికా వీసాలో ఆ మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్లి, సొంత పేరు స్థానంలో ‘సొంత పేరు తెలియదు’ అని అర్థమిచ్చే FNU అనే మూడక్షరాల సంకేతం పడుతుంది. దాన్ని సరిచేసుకునే తొందరలో రెడ్డి, రావు, కుమార్‌లలో ఏదో ఒకటి ఇంటిపేరుగా స్థిరపడుతుంది. అక్కడ పుట్టిన పిల్లలకు అదే దక్కుతుంది. మనుషులున్నారు, సంతానం ఉంది, కానీ ఇంటిపేరు ఒక తరంలో మాయమైంది. రెండు తరాల తర్వాత లెక్క తీసేవాళ్లకు ఇది సంతానం లేక అంతరించినట్టే కనిపిస్తుంది.

కాబట్టి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసేటప్పుడు అసలు ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా ఇంటిపేరు గడిలో రాయాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటే తర్వాత కాగితాలకు పొంతన కుదరదు, అందుకే పిల్లలను బడిలో చేర్పించే రోజునే పూర్తి పేరు రాయించడం మేలు. రోమన్ స్పెల్లింగు ఒకటే ఎంచుకుని అన్నదమ్ములందరూ అదే వాడాలి. ఇంట్లో దాచే వంశవృక్షంలో ఇంటిపేరు తెలుగు రాత, దాని వేరే రాతలు, గోత్రం, పాత ఊరు, ఎవరైనా దత్తత వెళ్లారా వచ్చారా, పేరు మార్చుకున్న ఏడాది రాసిపెట్టుకోవాలి. కోడళ్ల పుట్టింటి పేర్లు, కూతుళ్ల అత్తింటి పేర్లు కూడా అందులో ఉండాలి. ఏ ఓటరు జాబితాలోనూ దొరకనివి అవే.